మొదటి వరుసకూ పది రూపాయలు

పోయిన నెల ఒక శనివారం సాయంత్రం రూత్ అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. బల్లార్‌పూర్ మిల్లు క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్ల. చంద్రపూర్‌లో కార్పొరేషన్ నడిపే నాట్యగృహం బుకింగ్ కిటికీలో కొత్తగా ఉద్యోగానికి చేరింది. ఇరవై తొమ్మిదేళ్ళు నేను పనిచేసిన నాటకాల హాలే అది. చేరిన వారానికే ఒక పెద్దమనిషి ఆమెను నలుగురి ముందు కడిగేశాడట. ఆయన చేతిలో పాసుంది. ఈ పిల్ల ఆ పాసుకు పది రూపాయలు కట్టమంది.

"పాసంటే ఉత్తగనే గద అంకుల్. గీ పద్ధతి వేరే ఊర్లల్ల ఏడ లేదంటున్నరు. గిది ఎవలు పెట్టిన్రు?" అని అడిగింది. మొహం చూస్తే ఆ పెట్టినవాణ్ణి పట్టుకుని దులిపేసేటట్టే ఉంది.

"కార్పొరేషన్ సభ పెట్టింది. పెట్టమన్నది నేను," అన్నాను. "చాయ్ తాగు బిడ్డా, చెప్త."

చాయ్ చల్లారిపోయింది గానీ కథ సగం కూడా కాలేదు. అందుకే రాసి ఇస్తానన్నాను. రూత్‌కు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. బడంతా మరాఠీలోనే గడిచింది. వాళ్ళమ్మ చదివి వినిపిస్తానందట. కాబట్టి నా ప్రమోషన్లూ ఫైళ్ళూ ఇందులో ఉండవు. అవి చదివితే వాళ్ళమ్మకు నిద్రొస్తుంది. హాలు ఉద్యోగం నాకు నేర్పినవి రెండు మూడున్నాయి, అవే రాస్తాను. కొంచెం గొప్పలు కూడా ఉంటాయి. అణకువ నటించే వయసు దాటిపోయింది నాకు.

ప్రతి కుర్చీలో కూర్చోవడం

మా నాన్న మిల్లు కార్మికుడు. నన్ను కూడా మిల్లులోనే పెట్టించాలని చూశాడు. కార్పొరేషన్‌లో గుమాస్తాగా దొరికితే, సర్కారు కొలువని చర్చిలో అందరికీ లడ్డూలు పంచాడు. ఆరు నెలల తర్వాత నన్ను నాట్యగృహంలో వేశారని తెలిసి, "నాటకాల ఆఫీసు గూడ ఉంటదా?" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

అక్కడ నా మొదటి పై అధికారి దేశ్‌ముఖ్ సాహెబ్. సన్నగా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే మనిషి. మొదటిరోజు నా చేతికి ఒక పాత గుడ్డ ఇచ్చి, "హాల్లో ప్రతి కుర్చీ తుడువు. తుడిచిన ప్రతి కుర్చీలో కాసేపు కూర్చుని వేదిక వైపు చూడు. ఏం కనపడిందో రేపు నాకు చెప్పు," అన్నాడు. కొత్తవాణ్ణి ఏడిపిస్తున్నాడేమో అనుకున్నాను. కింద మొదలుపెట్టి బాల్కనీ ఆఖరి వరుస దాకా పోవడానికి పదకొండు రోజులు పట్టింది. మా ఊరి గాలి తెలిసిందే కదా. పొద్దున తుడిచిన కుర్చీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. రోజూ నల్లబడిన ప్యాంటుతో ఇంటికి పోతే మా అమ్మ, "నువ్వు చేసేది హాలుల్నా, బొగ్గు బాయిలనా?" అనేది.

పదకొండో రోజు సాహెబ్ దగ్గరికి పోయి, "స్తంభం వెనక నాలుగు కుర్చీల నుంచి వేదిక సగమే కనపడుతుంది సార్. వాటికి కూడా టికెట్టు అమ్ముతున్నాం," అన్నాను. ఆయన ముక్కు తుడుచుకుని, "ఇక అమ్మం. కుర్చీ అమ్మేవాడికి ఆ కుర్చీలో కూర్చుంటే ఏం కనపడుతుందో తెలియాలి," అన్నాడు. ఆ నాలుగు కుర్చీలూ ఊడపీకించి గోడౌన్‌లో వేయించాడు.

నా ఉద్యోగమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. మిగతావన్నీ ఎవరైనా నేర్చుకోగలిగినవే. ఎలుకలు పరదా కొరక్కుండా చూసుకోవాలి, నటులు రంగు కడుక్కోవడానికి నీళ్ళుండాలి, ఎండాకాలం కూలర్లు పనిచేయాలి, మూడో గంట వేళకు కొట్టాలి. మా వైపు నాటకానికి మూడు గంటలు కొడతారు. మొదటిది నటులకు, రెండోది బయట చాయ్ తాగేవాళ్ళకు. మూడోది కొడితే పరదా లేస్తుంది.

సోఫాల వరుస

మా హాల్లో మొదటి వరుసలో కుర్చీలు ఉండవు. ఎర్ర సోఫాలుంటాయి, ముందు చిన్న బల్లలు, బల్లల మీద నీళ్ళ సీసాలు. అవి పాసులవాళ్ళకు. ఎప్పుడు ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. నేను చేరేనాటికే ఉన్నాయి. ఏ ఊరి హాల్లోనైనా చూడండి, ఏదో ఒక రకంగా ఉంటాయి. నాటకం వేసేవాళ్ళు మర్యాదకు కొందరు పెద్దలను పిలుస్తారు. పెద్దలు వస్తే కార్యక్రమానికి నిండుదనం. అందులో తప్పేమీ లేదు.

అసలు తమాషా ఇంటర్వెల్‌లో ఉంటుంది. మొదటి అంకం అయ్యాక పెద్దలను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెడతారు. ఆ కొబ్బరికాయ పట్టుకుని వాళ్ళు తిన్నగా కారెక్కుతారు. పనులుంటాయి పాపం. రెండో అంకానికి పరదా లేచేసరికి మొదటి వరుస ఖాళీ. నాయిక ఏడ్చేది రెండో అంకంలో, నాయకుడు చచ్చేది రెండో అంకంలో. ఇద్దరూ ఖాళీ సోఫాల ముందు ఏడ్వాలి, చావాలి. మా ఊళ్ళో ఆడిన ప్రతి నటుడికీ ఇది అలవాటే.

నేను మేనేజరునయ్యాక పాసులు రాసే పుస్తకం నా దగ్గరుండేది. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు చేతికి ఎముక లేకుండా రాసేవాణ్ణి. ఒక పాసు మీద ఒకరు రావాలి, ఆరుగురు వచ్చేవారు. సోఫాలు చాలకపోతే రెండో వరుసలో, మూడో వరుసలో టికెట్టు కొనుక్కుని కూర్చున్నవాళ్ళను లేపి సర్దాలి. "జెర అడ్జస్ట్ చేసుకోన్రి" అనే మాటను నేను ఎన్ని రకాలుగా అనగలనో నాటకం వాళ్ళు కూడా అనలేరు. ఎవరిని లేపాలో ఎంచుకోవడం కూడా ఒక విద్యే. గొంతు పెద్దదిగా ఉన్నవాణ్ణి లేపకూడదు. మీసాలవాణ్ణి లేపకూడదు. ఎవరు కొట్లాడరో వాళ్ళను వెతికి లేపాలి. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అంటారే, అదే నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న రెండో పాఠం. అది నాకు దేశ్‌ముఖ్ సాహెబ్ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను.

మరియమ్మను లేపడం

దుర్గాపూర్ బొగ్గు గనిలో పనిచేసి పోయిన ఒకాయన భార్య మరియమ్మ. మా చర్చి మనిషే. ఆమె కూతురు సుగుణ ఝాడీపట్టీ నాటకాల్లో వేషాలు వేసేది. వరి కోతలయ్యాక మా అడవి పట్టు ఊళ్ళన్నిట్లో ఈ నాటకాలు ఆడతారు. వడ్సా నుంచి నాటక కంపెనీలు బయలుదేరతాయి. సుగుణ ఇంట్లో మన తెలుగు మాట్లాడుతుంది, వేదిక ఎక్కితే ఆమె మరాఠీ విని పండితులు కూడా నోళ్ళు తెరుస్తారు. బామ్ని లాంటి ఊళ్ళలో గుడారాల కింద ఆడి ఆడి, మొదటిసారి మా పెద్ద హాల్లో నాయిక వేషం దొరికింది ఆ పిల్లకు.

ఆ రోజు మరియమ్మ మూడో వరుసలో టికెట్టు కొనుక్కుంది. కూతురు పాసు ఇప్పిస్తానన్నా వద్దందట, "నా బిడ్డ ఆట నేను కొనుక్కొని చూస్త" అందట. ఇంకా మొదటి గంట కూడా కొట్టకముందే వచ్చి కూర్చుంది, ఇస్త్రీ చేసిన తెల్ల చీర కట్టుకుని.

రెండో గంట కొట్టాక ఒకే పాసు మీద ఏడుగురు వచ్చారు. సోఫాలు నిండి ఒకరు మిగిలారు. నేను మూడో వరుస వైపు చూశాను. మరియమ్మ కనపడింది. నాకు హాయిగా అనిపించింది, ఆ మాట దాచను. మనామె కదా, నా మాట కాదనదు అనుకున్నాను. పరాయివాళ్ళనైతే కాసేపు ఆలోచించి లేపేవాణ్ణేమో. మనవాళ్ళు గనుక ఆలోచించనే లేదు.

"అమ్మా, జెర బాల్కనీల కూసుంటవా? పెద్దోళ్ళు వచ్చిన్రు," అన్నాను.

ఆమె టికెట్టు చేతిలో తిప్పుతూ, "నువ్ చెప్పినంక లేస్త కొడుకా. గని గాడికెల్లి నాకు అవుపడదు. కండ్లు మసకలున్నయి," అంది.

"మైకులున్నయి గదమ్మా, మంచిగ ఇనొస్తది," అన్నాను.

లేచింది. నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. ఆఖరి వరుసలో కూర్చోబెట్టి వచ్చి మూడో గంట కొట్టాను. నాటకం బ్రహ్మాండంగా జరిగింది. ఆ ఏడుగురు ఇంటర్వెల్‌లో కొబ్బరికాయ పట్టుకుని వెళ్ళిపోయారు. ఖాళీ అయిన ఆ కుర్చీలోకి మరియమ్మను మళ్ళీ దింపుదామన్న ఆలోచన కూడా నాకు రాలేదు. జనం పోయేటప్పుడు గేటు దగ్గర నిలబడి ఉంటే ఆమె నా దగ్గరికి వచ్చి, "గొంతు మంచిగ ఇనొచ్చింది కొడుకా," అని చెప్పి పోయింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగా నాకు సంతోషం కలిగించాలనే చెప్పింది.

మర్నాడు పొద్దున సుగుణ ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మ కొట్లాడదని ఎరికుండే లేపినవ్ గద అన్నా?" అంది.

అవునన్నాను. ఆ అవును అనడమే ఆ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని. ఆమె తలుపు దాకా పోయి, "అమ్మకు నా మొఖం అవుపడలేదంట. ఎర్ర చీర ఎటు పోతే నేనటు పోయిన్ననుకున్నదంట," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఖాళీ హాల్లో బాల్కనీ ఎక్కి, మరియమ్మను కూర్చోబెట్టిన కుర్చీలో కూర్చుని నా కళ్ళద్దాలు తీశాను. నాకు బాగా మందం అద్దాలు. వేదిక మీద మా ఎలక్ట్రీషియన్ బల్బులు మారుస్తున్నాడు. మనిషని తెలుస్తోంది, అంతే. కుర్చీలన్నిటిలో కూర్చున్నానని విర్రవీగేవాణ్ణి. ఇంకొకరి కళ్ళతో ఎప్పుడూ కూర్చోలేదు. చాలాసేపు అక్కడే ఉన్నాను. సిగ్గుతో ఏడుపొచ్చింది.

మరియమ్మను మన్నించమని అడగలేదు. ప్రతి ఆదివారం చర్చిలో కనపడేది. "ఏం కొడుకా, మంచిగున్నవా?" అనేది. ఆ పలకరింపుతో నా నోరు మూతపడేది. మూడేళ్ళకు ఆమె పోయింది. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పేది ఇదే. తప్పు చేస్తే ఆ వారంలోనే అడుక్కోండి. నెల దాటితే ధైర్యం చాలదు.

ఆ తర్వాత టికెట్టు కొన్న మనిషిని నేను లేపలేదు. పాసులు ఎక్కువైతే పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వేయించాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిన ప్రతిసారీ తిట్లు తిన్నాను. మనుషులను లేపడం మానేశాను గానీ, లేపే పద్ధతిని మార్చడం నాకు చేతకాలేదు. పిల్లి మెడలో గంట ఎవడు కడతాడని ఊరుకున్నాను.

సభలో పది రూపాయల మాట

నేను దిగిపోయే ఏడు హాలు పరిస్థితి బాగా చెడింది. బాల్కనీ పైకప్పు కారుతోంది. సగం కుర్చీలకు చేతులు లేవు. దాంతో హాలును ఠేకాకు, అంటే ప్రైవేటువాళ్ళకు కాంట్రాక్టుకు, ఇచ్చేద్దామన్న మాట బయలుదేరింది. తీసుకున్నవాడు పెళ్ళిళ్ళు చేయించుకుంటాడు, చీరల ఎగ్జిబిషన్లు పెట్టుకుంటాడు, తేదీలు మిగిలితే నాటకాలకు ఇస్తాడు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళ కాలమూ నాటకాల కాలమూ ఒకటే. ఇక తేదీలేం మిగులుతాయి?

అప్పటికి సుగుణ సొంత కంపెనీ పెట్టి నడుపుతోంది. ఇరవై మంది ఆమె మీద ఆధారపడి ఉన్నారు. పల్లెల్లో ఆటలు తగ్గిపోయి, మా హాల్లో ఆడే ఆటల మీదే నెట్టుకొస్తోంది. "హాలు పోతే కంపెనీ బంద్ చేసుడే అన్నా," అంది నాతో. మళ్ళీ అన్నా అని పిలవడానికి ఆమెకు రెండేళ్ళు పట్టింది. ఆ పిలుపు నిలబెట్టుకోవాలని నాకు గట్టిగా ఉండేది.

ఠేకా వద్దన్నవాళ్ళు సభలో ఇంకో ప్రతిపాదన పెట్టారు. ప్రతి టికెట్టు మీద పది రూపాయలు అదనంగా తీసుకోవాలి. ఆ పైసలు హాలుకు, కార్పొరేషన్ తోటలో ఉన్న బయలు వేదికకు, చిత్రకారుల గదికి మాత్రమే ఖర్చుపెట్టాలి. నన్ను కూడా సభకు రమ్మన్నారు. మా ఆఫీసరు కుర్రవాడు, మంచివాడే. లోపలికి పోయేముందు నా మోచెయ్యి పట్టుకుని, "అడిగినదానికే జవాబు. సభ ఏం నిర్ణయిస్తే అదే అమలు చేస్తాం అని చెప్పి కూర్చో," అన్నాడు.

అక్కడి మాటలన్నీ మరాఠీలోనే. నా తెలుగులో చెప్తున్నాను. ముందు నానాజీ లేచారు. అందరూ ఆయన్ను అలాగే పిలుస్తారు, సభలో అందరికంటే పెద్ద. "కళ లేని ఊరు ఊరే కాదు. పది రూపాయలంటే ఒక చాయ్. ఒక్క చాయ్ మానుకుంటే నాటకం బతుకుతుంది," అన్నారు. బల్లలు చరిచారు.

వందనా తాయి, అంటే వందనక్క, లేచింది. గని కార్మికులుండే వార్డు ఆమెది. "చాయ్ ఒక్కరే తాగుతారు నానాజీ. మా వార్డులో నాటకానికి ఒక్కరు పోరు, ఇంటిల్లిపాదీ పోతారు. అయిదుగురికి యాభై. ఆ యాభై పెట్టి ఆటోలో ఇంటికి వస్తారు వాళ్ళు. ఆటోకు లేదంటే నాటకానికే పోరు," అంది. ఆమెకు కూడా బల్లలు చరిచారు, వేరేవాళ్ళు.

ఇద్దరి మాటా నిజమే. హాలుకు పైసలు కావాలి, తాయి చెప్పిన ఇంటి దగ్గర తీసుకోకూడదు. గంటసేపు అదే మాట అటూ ఇటూ తిరిగింది. ఫీజు ప్రతిపాదన వీగిపోతే ఠేకాయే గతి. పైన సందర్శకుల గ్యాలరీలో సుగుణ రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది.

చివరికి మేయర్, "హాలు మేనేజరు వచ్చారా? మీరేమంటారు?" అని అడిగారు.

ఇన్నేళ్ళూ పరదా వెనక గంట కొట్టినవాణ్ణి. నలుగురి ముందు నిలబడడం అదే మొదలు. మా ఆఫీసరు చెప్పిన మాట నోటి దాకా వచ్చింది, అక్కడే ఆగింది.

"టికెట్టు మీద వేస్తే కొనుక్కున్నవాళ్ళే కడతారు సార్," అన్నాను. "కుర్చీ మీద వెయ్యండి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పది రూపాయలు. బాల్కనీకి మాత్రం వద్దు."

"ఎవరు కూర్చున్నా అంటే?"

"పాసు మీద కూర్చున్నా సరే సార్."

నానాజీ కళ్ళజోడు సర్దుకుని, "అంటే నా దగ్గర కూడా వసూలు చేస్తావా సామ్యేల్?" అన్నారు.

"మీ పాసు రాసేది నేనే నానాజీ. మా ఇంట్లో పాసు రాసుకునేదీ నేనే. ఇన్నేళ్ళూ మా ఆవిడ సోఫాలో ఉత్తగనే కూర్చుంది. ముందు ఆమె దగ్గర తీసుకుంటాను," అన్నాను. అందరూ నవ్వారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా.

ఇంకొక సభ్యుడు, "పాసులెన్ని ఉంటాయి, వాటితో హాలు బాగుపడుతుందా?" అన్నాడు. ఆ ప్రశ్న రాకపోతే నేను కూర్చునేవాణ్ణేమో. వచ్చింది గనుక చెప్పాను. ఒకామె కూతురు ఆట చూడడానికి టికెట్టు కొనుక్కుని వస్తే నేను లేపి బాల్కనీకి పంపానని, ఆమెకు కళ్ళు కనపడవని తెలిసే పంపానని, ఒక పాసు మీద ఏడుగురు వచ్చినందుకు పంపానని చెప్పాను. పేరు చెప్పలేదు. గ్యాలరీ వైపు చూడలేదు. "పాసుకు పైసా లేదు గనుక ఎంతమంది వస్తున్నారో ఎవరూ లెక్క చూసుకోరు. పది రూపాయలు పెడితే కూర్చునేవాళ్ళే వస్తారు. ఆ రోజు తప్పు పాసులవాళ్ళది కాదు, నాది. నా తర్వాత వచ్చే మేనేజరుకు ఆ తప్పు చేసే అవసరం లేకుండా చెయ్యండి," అన్నాను.

వందనా తాయి లేచి, "బాల్కనీకి మాఫీ చేసి, పాసుకు పది రూపాయలు పెడితే నేను ఒప్పుకుంటాను," అంది. మేయర్ వచ్చే సభకు వాయిదా వేశారు.

వరండాలో మా ఆఫీసరు, "ఆరు నెలలుంది మీకు. గుట్టుగా దిగిపోవచ్చు కదా," అన్నాడు. మెట్ల దగ్గర సుగుణ నిలబడి ఉంది. నా చేతిలో బరువైన ఫైలు తీసుకుని రిక్షా దాకా మోసింది.

తర్వాతి నెల సభలో ప్రతిపాదన నెగ్గింది. నానాజీ అందరికంటే ఆఖర్న చెయ్యెత్తారు. మొహం ముడుచుకునే ఎత్తారు, అయినా ఎత్తారు. అది రాయకపోతే ఆయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. రూత్, ఇప్పుడు నువ్వు అడిగే పది రూపాయలు అవే. పెద్దమనుషులు తిడితే తిట్టనీ. అడగడం మాత్రం మానకు.

ఖాళీ సోఫాలు

కొత్త పద్ధతిలో మొదటి ఆట సుగుణ కంపెనీదే. ఆదివారం సాయంత్రం. పెద్దలందరికీ ఎప్పటిలాగే పాసులు పంపించాం. కింద టికెట్లు బాగానే అమ్ముడుపోయాయి, బాల్కనీ కిటకిటలాడుతోంది. గని పని దిగి స్నానం చేసి వచ్చినవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు.

రెండో గంట కొట్టి సోఫాల వైపు చూశాను. నా భార్య గ్రేసమ్మ ఒక్కతే ఉంది. పొద్దున పది రూపాయలు నా చేతిలో పెడుతూ, "ముప్పయ్యేండ్ల కాపురంల ఇది గూడ చూసిన," అని దెప్పి మరీ వచ్చింది. వరుడు రాని పెళ్ళి పందిట్లో వధువులాగా అంత పెద్ద వరుసలో ఒక్కతే కూర్చుని ఉంది. మిగతా సోఫాలన్నీ ఖాళీ. ఒక్క పాసు కూడా రాలేదు.

సుగుణ పరదా సందులోంచి చూసి నా దగ్గరికి వచ్చింది, రంగు పూసుకున్న మొహంతో. "ఏంది అన్నా గిది? కోపానికొచ్చిన్రు. మొత్తానికే రాకపోతే రేపు మనకు సభల ఎవలు మాట్లాడుతరు? మొదటికెల్లే ఖాళీ సోఫాలకు ఆడాల్నా?" అంది. తప్పు చేశానా, హాలును కాపాడబోయి దాని చుట్టాలందరినీ తరిమేశానా అనిపించింది.

మూడో గంటకు అయిదు నిమిషాలుంది. బాల్కనీ మెట్లెక్కాను. నా వయసులో పరిగెత్తకూడదు, పరిగెత్తాను.

"ముందు వరుస ఖాళీ ఉంది. పెద్దవాళ్ళు, కండ్లు సరిగ లేనోళ్ళు కిందికి రాన్రి," అన్నాను మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

ఎవరూ లేవలేదు. ఒక ముసలాయన, "పైకప్పు మల్ల కారుతున్నదా?" అని అడిగాడు. ఇంకొకామె, "ఇంకెంత కట్టాలె?" అంది.

"ఏం కట్టొద్దమ్మా. మీ జాగ గిప్పుడు గదే," అన్నాను.

కుర్చీకి పది రూపాయలని చట్టం చేయించింది నేనే. అందుకని ఆ పూట దిగివచ్చిన అందరి పది రూపాయలూ నా జేబులోంచి కట్టి రసీదు తీసుకున్నాను. గ్రేసమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఒకరి తర్వాత ఒకరు దిగారు. తివాచీ మీద కాలు పెట్టేముందు ఒకామె చెప్పులు విప్పి చేత పట్టుకుంది. సోఫాలో వెనక్కి ఆనుకోకుండా అంచు మీద కూర్చున్నారు, ఎవరో వచ్చి లేపుతారన్నట్టు. గ్రేసమ్మ వాళ్ళ మధ్యకు జరిగి నీళ్ళ సీసాలు అందించింది. ఆ రోజు మూడో గంట నేను కొట్టినంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. వేదిక అదిరింది.

ఇంటర్వెల్‌లో శాలువాలు కప్పడానికి ఎవరూ లేరు. చాయ్ తాగి అందరూ తొందరగా వచ్చి కూర్చున్నారు. రెండో అంకంలో సుగుణ చచ్చిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని ఏడ్చే ఘట్టం ఉంది. నేను వేదిక పక్క వింగులోంచి చూస్తున్నాను. సోఫాల మీద చెంగులు కళ్ళకు పోయాయి. చెప్పులు విప్పినామె పైకే ఏడ్చింది. సుగుణ ఒక్క క్షణం మాట ఆపి, ఆ ముఖాల వైపు చూసి మళ్ళీ అందుకుంది. ఆ ఆగడం నాటకంలో లేదు.

పరదా పడ్డాక వింగులోకి వచ్చి నా ముందు నిలబడింది. కాటుక చెంపల దాకా కారి ఉంది.

"పద్దెనిమిదేండ్ల సంది ఈ హాలుల ఆడుతున్న అన్నా," అంది. "మొదటి వరుస ఆఖరిదాక కూసున్నది ఇయ్యాల్నే చూసిన."